కలిసి కట్టుకొనే దోనె – కలిసి తీర్చుకొనే ఋణం

నీటి అంచున ఉన్న పల్లెకు పడవ విలాసవస్తువు కాదు. వల వేయుటకు, లంకకు పోయి పచ్చిగడ్డి కోసుకొని వచ్చుటకు, చేపల చెరువులో మేత చల్లుటకు, వరద వచ్చిననాడు వృద్ధులను, పసిపిల్లలను గట్టుకు చేర్చుటకు పడవయే ఆధారం. పడవ స్వంతమైనవాడు తాను పట్టిన చేపకు తానే యజమాని. పడవ లేనివాడు రేయింబవళ్లు శ్రమించినా పడవవాటా, వలవాటా పోగా మిగిలినదానితోనే తృప్తిపడవలసి ఉంటుంది. నీటిపై బ్రతికే కుటుంబాలలో పేదరికానికి మూలం పెక్కుచోట్ల ఈ వాటాల లెక్కలోనే కనిపిస్తుంది.

ఒంటరి యువకుడు పడవ సమకూర్చుకొనుట కష్టం. చేతిలో సొమ్ము ఉండదు, పని పూర్తిగా రాదు, పూచీ నిలిచేవారు దొరకరు. అయిదారుగురు యువకులు ఒక అనుభవజ్ఞుడైన పడవ మేస్త్రిని ఆశ్రయించి, తమ శ్రమను కలుపుకొన్నట్లయితే చిన్న చెక్కదోనెను తామే నిర్మించుకొనవచ్చు. అట్లు చేయుటలో మూడు ప్రయోజనాలు ఉన్నాయి: కూలిఖర్చు తగ్గుతుంది, అంతరించిపోతున్న విద్య ఒకటి కొత్త చేతులకు అందుతుంది, కట్టినవారికే మరమ్మతు చేసుకొనగల నేర్పు కలుగుతుంది. దోనె నిర్మాణంలోని ముఖ్యమైన మెలకువలను, దానికి కావలసిన ఋణం, వడ్డీ, వాటాల లెక్కలను పాఠకులకు వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మన నీటి సంప్రదాయం

తెలుగువారికి పడవల నిర్మాణం కొత్త కాదు. శాతవాహనుల నాణేలపై రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మ కనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవులో అభయశాసనం వేయించి, తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును రాజులు స్వాధీనం చేసుకొనే పాత పద్ధతిని మానిపించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొంటామని వర్తకులకు హామీ ఇచ్చాడు. నీటిపై వ్యాపారానికి పడవ ఎంత అవసరమో, నమ్మకం కూడ అంతే అవసరమని ఆ శాసనం తెలుపుతున్నది. గోదావరి ముఖద్వారం వద్ద కోరంగి, తాళ్లరేవు ప్రాంతాలు చెక్క ఓడల నిర్మాణానికి చిరకాలం ప్రసిద్ధి వహించాయి.

2004 డిసెంబరు సునామీ తరువాత సముద్రతీరంలో గాజునార పడవలు బాగా వ్యాపించాయి. అలల తాకిడికి, మోటారు వేగానికి అవి అనువైనవే. అయినను కాలువలు, చెరువులు, జలాశయాలు, నదీపాయలు వంటి నెమ్మదైన నీటిలో చిన్న చెక్కదోనెకు నేటికీ స్థానం ఉన్నది. పలక ఒకటి పాడైతే ఊరిలోనే దానిని మార్చుకొనవచ్చు. ఇక్కడ లోపించినది కలప కాదు, చేసే చేతులు. వృద్ధులైన మేస్త్రుల పని వారితోనే ముగియకుండ చూడవలసిన కాలం ఇది.

తాటిదోనె, పలకదోనె

కొల్లేరులోను, కృష్ణా గోదావరి డెల్టాలలోను అనాదిగా వాడుకలో ఉన్నది తాటిదోనె. తాటిమ్రాను నిర్మాణం ఇతర వృక్షాలకు భిన్నంగా ఉంటుంది. టేకు, మద్ది వంటి చెట్లలో నడిమి చేవ గట్టిది, వెలుపలి భాగం మెత్తనిది. తాడిలో ఇందుకు విరుద్ధంగా వెలుపలి వలయం ఇనుమువలె గట్టిగాను, లోపలి భాగం పీచువలె మెత్తగాను ఉంటుంది. అందుచేత లోపలిదానిని గొడ్డలితోను, బాడిసెతోను తొలచివేస్తే గట్టి తొట్టి దానంతట అదే మిగులుతుంది. ఉబ్బెత్తుగా ఉండే మొదలు భాగం ఒక కొన అవుతుంది. రెండవ కొనను పలకతో గాని, బంకమన్నుతో గాని మూసివేస్తారు. ఒంటి తాటిదోనె ఇటు అటు దొర్లే స్వభావం కలది కావున, రెండింటిని ప్రక్కప్రక్కన చేర్చి అడ్డుకర్రలతో బిగించి నడుపుతారు. బాడిసె పట్టుట నేర్చుకొనే యువకులకు తాటిదోనె మంచి పాఠశాల.

ఎక్కువ బరువు మోయుటకు, ఎక్కువ కాలం మన్నుటకు పలకదోనె మేలు. దీనికి అడుగున ఒక వెన్నుదూలం, ముందు వెనుకల నిలువు కొయ్యలు, ఇరుప్రక్కల పలకలు, లోపల ప్రక్కటెముకలవంటి వంకర కర్రలు, పైఅంచున బిగింపు పట్టీలు, అడ్డుబల్లలు ఉంటాయి. ఋణం తీసుకొని కట్టదగినది ఈ రకమే కాబట్టి ఇకపై దీనినే ప్రధానంగా వివరిస్తున్నాము.

కలప ఎంపిక – ఆరబెట్టుట

దోనె ఆయుర్దాయంలో సగభాగం కలప కొనేనాడే నిర్ణయమవుతుంది. టేకు చేవ నీటికి, చెదకు తట్టుకొంటుంది, కాని ఖరీదు ఎక్కువ. మద్ది గట్టిది, బరువైనది. మామిడి చవుక, తేలిక. అయితే త్వరగా కుళ్లుతుంది. ప్రక్కటెముకలకు నల్లతుమ్మ అనువైనది. తుమ్మకొమ్మలు సహజంగానే వంకర తిరిగి ఉంటాయి. కర్రనారలు ఆ వంపు వెంటనే సాగుతాయి గనుక బలం చెడదు. తిన్నని కర్రను వంకరగా కోసి చేసిన ఎముక నార తెగినచోట విరుగుతుంది. కేరళలో పడవలకు అంజిలి అనే పనసజాతి కలపను వాడుతారు.

పచ్చికలపతో దోనె కట్టరాదు. కర్రలోని తేమ దాని బరువులో సుమారు 30 శాతం కంటె తగ్గినప్పటి నుండి కర్ర కుదించుకొనిపోసాగుతుంది. ఈ కుదింపు పొడవునా దాదాపు ఉండదు. వెడల్పున మాత్రం గణనీయంగా ఉంటుంది. పచ్చిపలకలను దగ్గరగా బిగించి కట్టిన దోనెను గట్టుకు చేర్చిన మొదటి వేసవిలోనే సందులు విచ్చుకొనుటకు కారణం ఇదే. కావున పలకలను నేల తాకకుండ, ఒకదానిమీద మరొకటి సన్నని కర్రముక్కలు ఎడముంచి పేర్చి, నీడలో గాలి ఆడేచోట కొన్ని నెలలపాటు ఆరబెట్టవలెను. ఎండలో పెడితే చివరలు పగులుతాయి. పలక కొనలకు పేడగాని, రంగుగాని పూసినచో పగుళ్లు తగ్గుతాయి.

కలపను ఘనపు అడుగులలో కొలిచి అమ్ముతారు. 18 అడుగుల పొడవు, 1 అడుగు వెడల్పు, 1 అంగుళం మందం గల పలక ఒకటిన్నర ఘనపు అడుగులు. అంగుళమని బిల్లు వేసిన పలక మందం నిజానికి అంగుళంలో ఎనిమిదవ వంతు తక్కువగా ఉన్నట్లయితే, 20 ఘనపు అడుగులకు సొమ్ము చెల్లించిన కొనుగోలుదారుకు అందేది 17½ ఘనపు అడుగులే. కాబట్టి అడితిలోనే టేపు పట్టి కొలుచుకొనవలెను. చిత్రిక పట్టకముందు కొలతయా, పట్టిన తరువాత కొలతయా అన్నది బిల్లుపై వ్రాయించుకొనవలెను.

నిర్మాణ క్రమం

1. మొదట చదునైన నేలపై పందిరి వేసుకొని, దోనె ఆకారాన్ని అసలు కొలతతో నేలపైనే సుద్దతో గీయవలెను. ఈ గీత ఆధారంగా అట్టముక్కలతోగాని, చవుక పలకలతోగాని నమూనాలు కోసుకొంటే ఇరుప్రక్కలు సమానంగా వస్తాయి. ప్రక్కలలో తేడా వచ్చిన దోనె జీవితాంతం ఒకవైపుకే లాగుతుంది.

2. వెన్నుదూలాన్ని దిమ్మెలపై పరచి, మట్టం చూచి, రెండు కొనలలో నిలువు కొయ్యలను అమర్చవలెను. ఈ అతుకులను మేస్త్రి స్వయంగా చేయుట శ్రేయస్కరం.

3. అడుగు పలకలతో ఆరంభించి పైకి ఒక్కొక్క పలకను చేర్చుకొంటూ పోవలెను. కొనలవద్ద పలక వంగవలసి ఉంటుంది. పలకను తడిపి, సన్నని మంటపై మెల్లగా కాచుతూ, తాడు బిగించి వంచుతారు. తొందరపడితే పలక పుటుక్కున విరుగుతుంది. ఈ ఘట్టంలోనే యువకుల ఓర్పు తెలుస్తుంది.

4. పిమ్మట ప్రక్కటెముకలను లోపలివైపు పలకలకు ఆనేటట్లు చెక్కి బిగించవలెను. ముందుగా బరమాతో రంధ్రం చేయక మేకు దిగగొట్టినచో పలక చీలుతుంది. మామూలు ఇనుపమేకు తుప్పుపట్టి, తన చుట్టూ ఉన్న కర్రను కూడ నల్లబరచి తినివేస్తుంది. రాగిమేకుగాని, జింకు పూత వేసిన మేకుగాని వాడవలెను. మేకులలో మిగుల్చుకొనే డబ్బు చాల స్వల్పం. దానివలన కలిగే నష్టం దోనె అంతటిది.

5. పైఅంచు పట్టీలు, అడ్డుబల్లలు బిగించిన తరువాత పలకల సందులలో నూలుగాని, కొబ్బరినారగాని కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూయవలెను. పలకలు నీటిలో ఉబ్బుతాయని గుర్తుంచుకొని సందులను మితంగానే కూరవలెను. మరీ బిగించి కూరినట్లయితే ఉబ్బిన పలకలు ఎముకలనుండి మేకులను ఊడబెరుకుతాయి.

6. చివరగా దోనెను లోతు తక్కువగల నీటిలోనికి దింపి, తాడుతో కట్టివేయవలెను. మొదట నీరు ఊరుట సహజం. పలకలు ఉబ్బేకొద్దీ ఊట తగ్గుతుంది. కొన్ని రోజుల తరువాత కూడ ఆగని ఊటను గుర్తుపెట్టుకొని, గట్టుకు లాగి సరిచేయవలెను.

ఎంత బరువు మోయగలదు?

దోనె మునిగినంత మేర ఎంత నీటిని ప్రక్కకు నెట్టుతుందో, దోనె, మనుషులు, సరకు కలిపి అంత బరువు మాత్రమే నిలుస్తుంది. ఒక ఘనపు మీటరు మంచినీటి బరువు 1,000 కిలోలు. నీటిమట్టం వద్ద 5.5 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు కలిగి, 0.25 మీటరు లోతు మునిగే దోనెను ఉదాహరణగా తీసుకొందాం. ఈ మూడింటిని గుణిస్తే 1.24 ఘనపు మీటర్లు వస్తుంది. కొనలు సన్నగిల్లి ఉంటాయి గనుక దానిలో సగం లెక్కించవలెను. అనగా సుమారు 619 కిలోలు.

దోనె బరువు 200 కిలోలు అనుకొంటే మిగిలినది 419 కిలోలు. మనిషికి 60 కిలోల చొప్పున ఆరుగురు ఎక్కితే 360 కిలోలు అవుతుంది. వలకు, చేపలకు 59 కిలోలే మిగులుతుంది. నలుగురే ఎక్కినట్లయితే 179 కిలోలు మిగులుతుంది. కావున ఆరుగురి సంఘంలో నలుగురు నీటిపైకి వెళ్లి, ఇద్దరు గట్టున ఉండి అమ్మకం, వలల మరమ్మతు చూచుకొనుట అన్నివిధాల క్షేమం, లాభదాయకం. వంతులను వారంవారం మార్చుకొనవచ్చు.

చేతులు పన్నెండు – లెక్క ఒకటి

సమష్టి పనులు చెడిపోవుటకు కారణం సాధారణంగా డబ్బు లేకపోవుట కాదు, లెక్క లేకపోవుట. ఒకరు రోజూ వచ్చి పనిచేస్తారు. మరొకరు కోతల కాలంలో కూలికి పోతారు. ఇంకొకరు శ్రమకు బదులు సొమ్ము ఇస్తారు. దోనె నీటిలోకి దిగిన తరువాత అందరూ సమానవాటా కోరినప్పుడు తగవు మొదలవుతుంది. ఇందుకు ఉపాయం తొలిరోజునుండే హాజరు పుస్తకం పెట్టుట.

ఒక ఉదాహరణ చూడండి. ఆరుగురు కలిసి 120 పనిదినాలు చేయవలసి ఉన్నదనుకొందాం. ఒక్కొక్కరి వంతు 20 దినాలు. పనిదినం విలువ రూ. 400 అని సభ్యులందరూ ముందే అంగీకరించినారు. 30 దినాలు చేసినవారికి 10 దినాలు అదనం, అనగా సంఘం వారికి రూ. 4,000 బాకీ. 10 దినాలే చేసినవారు సంఘానికి రూ. 4,000 బాకీ. ఈ బాకీని నగదుగా ఇవ్వవచ్చు, లేదా మొదటి నెలల ఆదాయంలో సర్దుబాటు చేయవచ్చు. పుస్తకంలో వ్రాసియున్న బాకీ తగవు కాదు. వ్రాయని బాకీయే తగవు.

సంఘం ఆరంభంలోనే ఒక ఒప్పందపత్రం వ్రాసుకొని ఈ క్రింది విషయాలను స్పష్టం చేసుకొనవలెను:

– దోనె ఎవరి పేరున నమోదవుతుంది, ఇతరుల హక్కు ఏ విధంగా రక్షింపబడుతుంది;
– వివాహమై వేరే ఊరికి వెళ్లిన సభ్యురాలికి, పట్నం పోయిన సభ్యునికి వాటా విలువ ఎట్లు కట్టి ఇవ్వవలెను;
– సభ్యుడు మరణించినచో ఆ కుటుంబానికి వాటా ఏ విధంగా అందవలెను;
– ప్రతి అమ్మకంనుండి మరమ్మతు నిధికి ఎంత తీయవలెను;
– కొత్త సభ్యుని చేర్చుకొనుటకు ఎందరి అంగీకారం కావలెను.

మూడవ అంశాన్ని మాట్లాడుకొనుటకు యువకులు సంకోచిస్తారు. నీటిపై వృత్తి చేసేవారు ఆ సంకోచం విడిచిపెట్టవలెను. ఇంటి ఆధారమైన కుమారుని పోగొట్టుకొన్న తల్లి, అతడు తన చేతులతో కట్టిన దోనెలో తనకు హక్కు ఉన్నదా లేదా అని గట్టుమీద నిలబడి అడుగవలసిన స్థితి రాకూడదు.

ఋణ సదుపాయాలు

ఏ అవసరానికి ఏ ఋణం అన్నది ముందు తెలుసుకొనవలెను. దోనె కొన్నేళ్లు ఉండే ఆస్తి. దానికి వాయిదాలలో తీర్చే కాలపరిమితి ఋణం తగినది. మంచుగడ్డ, కూలి, రవాణా వంటివి నిత్య ఖర్చులు. వీటికి కిసాన్ క్రెడిట్ కార్డు తగినది. 2018–19 బడ్జెట్టులో ఈ కార్డు సదుపాయాన్ని మత్స్యకారులకు, పశుపోషకులకు కూడ విస్తరింపజేశారు. నిత్యఖర్చుల సొమ్ముతో దోనె కట్టినవారికి దోనె సిద్ధమైననాడు వల కొనుటకు చేతిలో పైసా మిగలదు.

భూమి లేని యువకులు నలుగురినుండి పదిమంది వరకు చేరి ఉమ్మడి బాధ్యతా సంఘంగా ఏర్పడి ఋణం కోరవచ్చు. ఇందులో ఆస్తి తాకట్టుకు బదులు సభ్యులే ఒకరికొకరు పూచీ. 2025 జనవరి 1 నుండి వ్యవసాయ, అనుబంధ రంగాల ఋణాలలో ఒక్కొక్క ఋణగ్రహీతకు రూ. 2 లక్షల వరకు తాకట్టుగాని, మార్జిన్ సొమ్ముగాని కోరరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అంతకు ముందు ఈ పరిమితి రూ. 1.6 లక్షలు. అయినప్పటికీ సభ్యులు స్వచ్ఛందంగా కొంత సొంత వాటా పెట్టుట మంచిది. తన సొమ్ము ఉన్న వస్తువును మనిషి జాగ్రత్తగా చూచుకొంటాడు.

పడవ మేస్త్రికి వేరొక సదుపాయం ఉన్నది. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకంలో చేర్చిన 18 చేతివృత్తులలో పడవల తయారీ ఒకటి. వడ్రంగం, చేపల వలల తయారీ కూడ ఆ జాబితాలో ఉన్నాయి. నమోదైన వృత్తికారునికి శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు రూ. 500 భత్యం, పనిముట్లకు రూ. 15,000 ప్రోత్సాహకం లభిస్తాయి. హామీ లేకుండ మొదటి విడత రూ. 1 లక్ష వరకు 18 నెలల గడువుతోను, దానిని సక్రమంగా చెల్లించినవారికి రెండవ విడత రూ. 2 లక్షల వరకు 30 నెలల గడువుతోను 5 శాతం వడ్డీకి ఋణం ఇచ్చుటకు వీలు కల్పించారు. కుటుంబంలో ఒకరికే ఈ సదుపాయం. పడవను కట్టే వృత్తి గలవారికే గాని, పడవను వాడుకొనేవారికి ఇది వర్తించదని గమనించగలరు.

పని ఇంకా నేర్చుకొనవలసిన యువతీయువకులు తమ జిల్లాలో బ్యాంకులు నడుపుతున్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థను సంప్రదించి, వడ్రంగం, లెక్కల నిర్వహణ వంటి శిక్షణల గురించి విచారించవచ్చు. ఈ సంస్థలకు మార్గదర్శకమైనది 1982లో కర్ణాటకలోని ఉజిరెలో నెలకొల్పిన శిక్షణ సంస్థ.

వడ్డీ లెక్క తెలుసుకొందాం

దోనె, వల కలిపి రూ. 1,20,000 అవుతుందని అనుకొందాం. ఇది లెక్క బోధపడుటకు తీసుకొన్న అంకె మాత్రమే. ఊరినిబట్టి, కలపనుబట్టి ధర మారుతుంది. ఆరుగురు సభ్యులు తలా రూ. 4,000 చొప్పున రూ. 24,000 పెట్టినారు. మిగిలిన రూ. 96,000 ఋణం. వడ్డీ సాలుకు 10 శాతం, గడువు 3 సంవత్సరాలు. చేపల రాబడి అన్ని నెలలలో ఒకేవిధంగా ఉండదు కనుక ఏటా 8 నెలలు మాత్రమే అసలు వాయిదా, మిగిలిన 4 నెలలు వడ్డీ మాత్రమే చెల్లించేటట్లు ఏర్పాటు. అప్పుడు మొత్తం 24 వాయిదాలు, వాయిదాకు అసలు రూ. 4,000.

తగ్గుతున్న నిల్వపై వడ్డీ లెక్కించినప్పుడు మొదటి సంవత్సరం రూ. 7,600, రెండవ సంవత్సరం రూ. 4,400, మూడవ సంవత్సరం రూ. 1,200, మొత్తం రూ. 13,200 అవుతుంది. అదే 10 శాతాన్ని మొదటి అసలుపైనే మూడేళ్లూ లెక్కగట్టే పద్ధతిలో రూ. 28,800 చెల్లించవలసి వస్తుంది. ‘పది శాతం’ అనే మాట రెండింటిలోను ఒకటే. చెల్లించే సొమ్ము రెట్టింపుకు మించి ఉన్నది. కావున ఎవరివద్ద ఋణం తీసుకొన్నా వడ్డీ ఎంత అని మాత్రమే గాక, దేనిమీద లెక్కిస్తారని కూడ అడుగవలెను. ఇక నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అనగా సాలుకు 36 శాతం. రూ. 96,000కు నెలకు రూ. 2,880 వడ్డీకే పోతుంది. అసలు ఒక్క రూపాయి కూడ తగ్గదు.

ఋణ గడువు దోనె ఆయుర్దాయంకంటె తక్కువగా ఉండవలెను. దోనె కుళ్లిపోయిన తరువాత మిగిలిన వాయిదాలు చెల్లించుట వలె మనసును క్రుంగదీసేది వేరొకటి లేదు.

వర్తకులకు ఒక మనవి

గ్రామాలలో చేపల వర్తకులు పడవకు, వలకు ముందుగా సొమ్ము ఇచ్చి, పట్టిన చేపనంతా తమకే అమ్మవలెనని షరతు పెట్టుట పలుచోట్ల ఉన్నది. అవసరంలో ఆదుకొన్న వర్తకుని ఎవరూ నిందించరు. అయితే లెక్క ఇరువురికీ తెలియవలెను. ‘వడ్డీ లేదు’ అని చెప్పి, కిలోకు మార్కెట్టుకంటె పది రూపాయలు తక్కువ ఇచ్చినచో, రోజుకు 30 కిలోల చొప్పున నెలలో 20 రోజులు అమ్మినవారు నెలకు రూ. 6,000 వదులుకొన్నట్లే. పైన చెప్పిన ఋణానికి మొదటి నెల బ్యాంకు వడ్డీ రూ. 800 మాత్రమే. పైగా ధరలో కోసుకొన్న సొమ్ము బాకీకి జమపడదు. బాకీ అట్లే నిలిచి ఉంటుంది.

బయానా ఇచ్చే వర్తకులు సొమ్మును, ధరను, జమను పుస్తకంలో వ్రాసి సంతకం చేసి ఇచ్చినట్లయితే వారిపై నమ్మకం పెరుగుతుంది. బాకీ తీరిన మత్స్యకారుడు మంచి ధర ఇచ్చే వర్తకునివద్దకు తనంత తానే వస్తాడు. అట్లే కలప, మేకులు, వలలు అమ్మే వర్తకులు సరియైన కొటేషన్, బిల్లు ఇచ్చినచో బ్యాంకు సొమ్మును నేరుగా వారి ఖాతాకు జమచేయుటకు వీలు కలుగుతుంది. అరువు వసూలుకు తిరిగే శ్రమ వారికి తప్పుతుంది.

అనుమతులు – భద్రత

చెట్టు స్వంత పొలంలోనిదే అయినను కొట్టుటకు ముందు 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం – వాల్టా – ప్రకారం అనుమతి అవసరమేమో విచారించవలెను. కలప రవాణాకు అటవీశాఖ నియమాలు ఉన్నాయి. సముద్రంలో చేపలు పట్టే పడవలకు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర మత్స్య నియంత్రణ చట్టం వర్తిస్తుంది. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు యాంత్రిక, మోటారు పడవల వేట నిషేధం. దోనెకు మోటారు బిగించదలచినవారు వాయిదాలను నిర్ణయించుకొనేటప్పుడు ఈ రోజులను లెక్కలోకి తీసుకొనవలెను. కొల్లేరు 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటింపబడి, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరినది. అక్కడ వేటకు సంబంధించిన నియమాలను అటవీశాఖవద్ద తెలుసుకొన్న తరువాతే పెట్టుబడి పెట్టవలెను.

చేపల దోనెలో ప్రయాణికులను ఎక్కించుకొని కిరాయి సంపాదించవలెననే ఆశ కొందరికి కలుగుతుంది. అది తగదు. 2017 నవంబరులో కృష్ణానదిపై పవిత్ర సంగమంవద్ద జరిగిన పడవ ప్రమాదంలో 20 మందికి పైగా మరణించారు. బరువు పరిమితిని దోనె ప్రక్కపలకపై రంగుతో గీత గీసి ఉంచవలెను. ఆ గీత మునిగితే ఎవరో ఒకరు దిగవలసినదే. ఎక్కినవారందరికీ లైఫ్ జాకెట్లు ఉండవలెను. వాటి ఖరీదును ఋణపు అంచనాలోనే చేర్చుకొనవచ్చు. దోనెకు బీమా చేయించి, పాలసీ నకలును సంఘం పుస్తకంతోపాటు భద్రపరచుకొనవలెను.

నిర్వహణ

ఉప్పునీటిలోను, ఆటుపోటులు వచ్చే కాలువలలోను కర్రను తొలిచే ఓడపురుగు ఉంటుంది. బయటికి సూదిమొన అంత రంధ్రమే కనిపించినా లోపల పలక జల్లెడవలె అవుతుంది. ఈ పురుగు మంచినీటిలో బ్రతుకజాలదు. కాబట్టి దోనెను అప్పుడప్పుడు మంచినీటికి మార్చుట, లేదా గట్టుకు లాగి అడుగును శుభ్రపరచి ఆరబెట్టుట ఉపయోగకరం. చేపనూనె, జీడిపిక్కల నూనె పూయుట పాత పద్ధతి. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ రబ్బరు కర్ర వంటి చవుక కలపను రసాయనాలతో శుద్ధిచేసి, పైన గాజునార తొడుగు వేసి చిన్న పడవలకు పనికివచ్చేటట్లు చేసింది. ఇటువంటి రసాయన శుద్ధి విషపూరితమైనది. ఇంటివద్ద చేయరాదు, అట్టి కర్రముక్కలను పొయ్యిలో పెట్టరాదు.

మంచినీటి దోనెకు శత్రువు కుళ్లు. వాన నీరు లోపల నిలిచి, ఒకసారి తడిసి ఒకసారి ఆరే చోట్లనే కుళ్లు మొదలవుతుంది. నీటిని ఎప్పటికప్పుడు తోడివేయుట, గట్టుమీద ఉన్నప్పుడు బోర్లించి నీడలో దిమ్మెలపై ఉంచుట – ఈ రెండు అలవాట్లకు ఖర్చేమీ లేదు.

దరఖాస్తుకు ముందు సరిచూచుకొనవలసినవి

– సభ్యుల ఒప్పందపత్రం, హాజరు పుస్తకం, సంఘం పేరున బ్యాంకు ఖాతా;
– మేస్త్రి ఇచ్చిన కొలతల పత్రం, పనిదినాల అంచనా;
– కలప, మేకులు, వల, లైఫ్ జాకెట్లకు కొటేషన్లు;
– చేప అమ్మే మార్గం, నెలవారీ ఆదాయపు అంచనా, రాబడి లేని నెలలు;
– అవసరమైన అనుమతులు, బీమా వివరాలు.

ఈ పత్రాలతో శాఖా మేనేజరును కలిసినచో ఋణపు దరఖాస్తు పరిశీలన సులభమవుతుంది. అంతకంటె ముఖ్యంగా, వీటిని తయారుచేసే క్రమంలోనే సంఘం నిలుస్తుందా లేదా అన్నది సభ్యులకు తెలిసిపోతుంది. పలకలను బిగించేది మేకులు. సభ్యులను బిగించేది లెక్క. ఈ రెండింటిలో ఏది వదులైనా నీరు లోనికి వస్తుంది. రెండూ గట్టిగా ఉన్న దోనె ఋణం తీర్చుటే గాక, ఆరు కుటుంబాలను వాటాల బ్రతుకునుండి స్వంత బ్రతుకునకు చేర్చగలదు.